రీలు, లాఠీ, ధుమాల్: రాయపూర్‌లో సామాజిక మాధ్యమాలు

ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయపూర్‌లో నేరం ఎంత ఉంది, పోలీసులు ఏం చేస్తున్నారు, వీధిలో మోగే సంగీతం వేడుకా రౌడీతనమా అనే ప్రశ్నలకు జనం ఇప్పుడు జవాబు వెతుక్కునేది ఫోనులో. ఇన్‌స్టాగ్రామ్, యూట్యూబ్, ఫేస్‌బుక్, వాట్సాప్ కలిసి ఈ నగరానికి రెండో ముఖం ఒకటి తయారుచేశాయి. అందులో కత్తి తిప్పే కుర్రాడు, అతణ్ణి నడిబజారులో నడిపించే పోలీసు, లారీ మీద మోగే ధుమాల్ వాద్యబృందం పక్కపక్కనే కనిపిస్తారు. చాలాసార్లు వాళ్ళందరి వెనకా మోగేది ఒకే పాట. ఆ పొరుగు వల్ల ఒకరి మరక మరొకరికి అంటుతోంది. పోలీసుల నడవడిలో, హైకోర్టు ఆదేశాల్లో, డోలు వాయించి బతికేవాళ్ళ రాబడిలో దాని ఫలితం కనిపిస్తోంది.

నగరం, ఫోను

2000 నవంబరు 1న కొత్త రాష్ట్రం ఏర్పడేనాటికి రాయపూర్ బియ్యం మిల్లులు, ఇనుము వ్యాపారం ఉన్న మధ్యతరహా పట్టణం. 2011 జనగణనకే నగరపాలక సంస్థ పరిధిలో జనాభా 10 లక్షలు దాటింది. ఉర్లా, సిల్తరా పారిశ్రామికవాడలకు చుట్టుపక్కల జిల్లాల నుంచి కూలీలు వచ్చి చేరారు. తెలీబాంధా చెరువుగట్టు ‘మెరైన్ డ్రైవ్’ అయింది. విమానాశ్రయం దారి వీఐపీ రోడ్డుగా మారి హోటళ్ళతో, క్లబ్బులతో నిండింది. పురానీ బస్తీ, గోల్ బజార్, టిక్రాపారా లాంటి పాత మొహల్లాలు మాత్రం అవే ఇరుకు సందులతో మిగిలాయి. కొత్త డబ్బూ పాత సందూ ఒకే నగరంలో ఉండటం ఈ కథకు నేపథ్యం.

2016 సెప్టెంబరులో జియో రాకతో మొబైల్ డేటా చవకైంది. 2020 జూన్ 29న కేంద్రం టిక్‌టాక్‌ను నిషేధించింది. పది రోజులు తిరగకుండానే, జులై 8న, ఇన్‌స్టాగ్రామ్ మన దేశంలో రీల్స్ మొదలుపెట్టింది. రీల్స్‌లో ఒక ఏర్పాటు ఉంది. వీడియో అడుగున కనిపించే పాట పేరు మీద వేలు పెడితే ఆ పాట వాడిన వీడియోలన్నీ వరుసగా తెరుచుకుంటాయి. పెళ్ళి బారాత్ వీడియో చూస్తున్నవాడు రెండు సార్లు వేలు జరిపేసరికి అదే దరువు మీద కత్తి తిప్పుతున్నవాడి దగ్గరకు చేరతాడు. ఆ రెండు వీడియోల మనుషులకు ఏ చుట్టరికమూ లేదు, పాట ఒక్కటే కలిపింది. కానీ చూసేవాడి మనసులో ఆ దరువుకూ ఆ కత్తికీ ముడి పడిపోతుంది. సంగీతం మీద అపవాదు పడే తీరును అర్థం చేసుకోవడానికి ఈ చిన్న ఏర్పాటును మించిన తాళంచెవి లేదనిపిస్తుంది.

చాకూబాజీ

రాయపూర్ హిందీ పత్రికల్లో ‘చాకూబాజీ’ తరచూ కనిపించే మాట. కత్తిపోట్ల తగువులని అర్థం. తగువు చిన్నదే అయి ఉంటుంది: బండి తగలడం, మద్యానికి డబ్బు అడగడం, పాత మాట పట్టింపు. జేబులో కత్తి ఉండటం వల్ల అది ప్రాణం మీదకు వస్తుంది. మీట నొక్కితే తెరుచుకునే బటన్ చాకూలు ఇంటర్నెట్ అంగళ్ళలో వంటింటి సామాను, అలంకరణ వస్తువుల పేర్లతో అమ్ముడయ్యేవి. అందుకని రాయపూర్ పోలీసులు 2021 ప్రాంతంలో ఆ అంగళ్ళ నుంచి కత్తులు తెప్పించుకున్నవాళ్ళ చిరునామాల జాబితాలు రాబట్టి, ఇళ్ళకు వెళ్ళి వెనక్కి తీసుకోవడం మొదలుపెట్టారు. ఆయుధ నిబంధనల ప్రకారం 9 అంగుళాల కంటే పొడవు, లేదా 2 అంగుళాల కంటే వెడల్పు ఉన్న అలుగుల మీద ఆంక్ష ఉంది. జేబులో ఇమిడే కత్తి ఈ కొలతకు అందకుండా తప్పించుకోగలదు.

కత్తితో రీలు తీసి పెట్టేవాడికి కావలసింది ‘భౌకాల్’. ఉత్తరాది కుర్రకారు వాడుకలో ఈ మాటకు దర్జా, బెదురు పుట్టించే హంగు అని అర్థం. ఇతనూ నిజంగా పొడిచేవాడూ ఒకడే కానక్కరలేదు. పోలీసులు రీలును ముందస్తు హెచ్చరికగా తీసుకుని పట్టుకెళ్ళడంలో న్యాయం ఉంది, ఎందుకంటే కత్తి చేతికొచ్చాక అది బొమ్మగా మిగులుతుందన్న భరోసా ఎవరూ ఇవ్వలేరు. చిక్కు ఆ తర్వాత మొదలవుతుంది. అరెస్టు వీడియోను, చేతులు జోడించి క్షమాపణ చెప్పే వీడియోను స్థానిక పేజీలు పంచుతాయి. అంతకుముందు సందులోవాళ్ళకే తెలిసిన కుర్రాడు ఊరంతటికీ తెలిసిపోతాడు. కొందరు ఆ వీడియోనే మళ్ళీ కోసి, పాట జోడించి, తిరుగుబాటు గుర్తుగా పెట్టుకుంటారు. శిక్షగా చేసిన పని ప్రచారంగా తిరిగొస్తుంది.

ఊళ్ళో భయం కూడా ఇదే దారిలో పెరుగుతుంది. ఒక సందులో జరిగిన పోటు పది పేజీల్లో పది వేర్వేరు శీర్షికలతో తిరిగితే పది పోట్లలా కనిపిస్తుంది. టీవీ ఎక్కువ చూసేవాళ్ళకు లోకం ఉన్నదానికంటే క్రూరంగా తోస్తుందని అమెరికా పరిశోధకుడు జార్జ్ గెర్బ్నర్ గత శతాబ్దంలోనే చెప్పాడు. ఆయన చూసిన టీవీకి వేళలు ఉండేవి. ఫోనుకు అవి లేవు. పైగా అది చూపించే ఊరు మనదే కాబట్టి భయం ఇంటి గుమ్మం దాకా వస్తుంది.

జులూస్

తెలుగు రాష్ట్రాల్లో రౌడీషీటరు అనేవాణ్ణి ఛత్తీస్‌గఢ్ ఠాణాల్లో ‘నిగరానీ బద్మాశ్’ అంటారు. పండగ ముందు పిలిచి వరుసలో నిలబెట్టి హెచ్చరించడం, రాజ్య సురక్షా చట్టం కింద ‘జిలాబదర్’ చేయడం, అంటే జిల్లా దాటించడం పాత పద్ధతులే. కొత్తగా బలం పుంజుకున్నది జులూస్. అరెస్టయినవాళ్ళను నేరం జరిగిన మొహల్లాలోనే నడిపిస్తారు. నేరం పాపమనీ, పోలీసులు తమకు తండ్రిలాంటివాళ్ళనీ ప్రాసతో నినాదం పలికిస్తారు. కొందరు కుంటుతూ నడుస్తారు. సినిమా పోలీసు పాట జోడించి ఎవరో దాన్ని రీలు చేస్తారు. కింద వ్యాఖ్యల్లో నూటికి తొంభై చప్పట్లే.

ఆ చప్పట్ల వెనక ఉన్న బాధను కొట్టిపారేయకూడదు. కొడుకును కత్తిపోటుకు పోగొట్టుకున్న తల్లికి కోర్టు వాయిదాల కంటే ఈ ఊరేగింపే న్యాయంలా కనిపించవచ్చు. అయినా చట్టం మాట వేరు. నిందితుడికి సంకెళ్ళు వేయడం మామూలు పద్ధతి కారాదని సుప్రీంకోర్టు 1980లో ప్రేమ్‌శంకర్ శుక్లా కేసులో తేల్చింది. అరెస్టులో మనిషి గౌరవం కాపాడాల్సిన తీరును 1996 నాటి డి.కె. బసు తీర్పు వివరించింది. 2024 జులై 1 నుంచి అమలైన భారతీయ నాగరిక సురక్షా సంహిత కొన్ని తీవ్ర నేరాల్లో సంకెళ్ళకు వీలిచ్చిందే గాని, వీధి ప్రదర్శనకు ఇవ్వలేదు.

2025 నవంబరులో రాయపూర్ పోలీసులు, నెలల తరబడి తప్పించుకు తిరిగిన ఒక వడ్డీ వ్యాపారిని గ్వాలియర్‌లో పట్టుకుని తెచ్చి వీధిలో నడిపించారు. ఆ వీడియో రెండు వర్గాలను రగిలించింది. వడ్డీ వసూళ్ళ బాధితులు సంబరపడ్డారు. అతని కులానికి చెందిన సంఘం అవమానం జరిగిందని వీధికెక్కింది. పోలీసులను బెదిరిస్తూ సామాజిక మాధ్యమంలో మాట్లాడాడని ఆ సంఘం నాయకుడి మీద మరో కేసు పడింది. ఒక అరెస్టు ఇలా మూడు వీడియోల కథ అయింది. అసలు కేసులో వడ్డీ ఎంత, బాధితులు ఎందరు, సాక్ష్యం ఏమిటన్నవి ఆ వీడియోల్లో ఎక్కడా లేవు. విచారణ ముగిసి నిర్దోషిగా బయటపడ్డవాళ్ళ మీద రీలు తీసేవాళ్ళు ఎవరూ లేరన్నది కూడా ఇక్కడే గుర్తుంచుకోవాలి.

2025 ఆగస్టు 15న ముఖ్యమంత్రి విష్ణుదేవ్ సాయ్ రాయపూర్‌కు పోలీసు కమిషనరేటు ప్రకటించారు. మేజిస్ట్రేటు అధికారాలు కొన్ని పోలీసుల చేతికి వచ్చే ఈ పద్ధతి తెలుగువాళ్ళకు హైదరాబాదు, విశాఖపట్నం, విజయవాడల్లో అలవాటైనదే.

ధుమాల్, డీజే

రాయపూర్ వీధి సంగీతానికి పేరు ధుమాల్. నాగపూర్, దుర్గ్, రాయపూర్ ఈ మూడు ఊళ్ళ మధ్య పెరిగిన వాద్యబృందం ఇది. లారీనో మినీ ట్రక్కునో రంగు దీపాలతో కప్పేస్తారు. నగారా, తాషా వరసగా ఉంటాయి. వాటి పక్కన ఆక్టోపాడ్, క్యాసియో కీబోర్డు. మీటలు నొక్కి తీగల మీద వాయించే ‘బెంజో’ పాటను పలుకుతుంది. సినిమా పాటైనా, నవరాత్రి అమ్మవారి పాటైనా గాయకుడు లేకుండానే జనం గుర్తుపట్టేలా వాయించడం వాళ్ళ విద్య. హైదరాబాదు తీన్మార్, మర్ఫా విన్నవాళ్ళకు ఆ ఊపు వెంటనే అర్థమవుతుంది.

దీనికి అడుగున ఇంకా పాత పొర ఉంది. ఛత్తీస్‌గఢ్ పల్లెల్లో పెళ్ళికీ, పండగకీ గాండా కులస్థులు వాయించే గండవా బాజా అది. గుదుమ్, డఫ్డా, నిసాన్, తాషా, మోహరీ దాని వాద్యాలు. డప్పు కొట్టే కులాలకు తెలుగు నేల మీద ఎదురైన ఏవగింపే వాళ్ళకూ ఎదురైంది. చప్పుడు లేకుండా శుభకార్యం జరగదు, చప్పుడు చేసినవాణ్ణి పంక్తిలో కూచోబెట్టరు. ఈ పాత చిన్నచూపును మరిచిపోతే ఇవాళ ధుమాల్ కుర్రాళ్ళను ‘లఫంగాలు’ అని తేలిగ్గా తిట్టే వ్యాఖ్యలు ఎక్కడ నుంచి వస్తున్నాయో అంతుపట్టదు.

ధుమాల్‌ను ఊరు దాటించింది యూట్యూబ్. వినాయక చవితి తర్వాత రాయపూర్‌లో ఝాంకీల రాత్రి వస్తుంది. విద్యుద్దీపాల శకటాల మీద పురాణ ఘట్టాల బొమ్మలు కదులుతూ ఉంటాయి. అవి శారదా చౌక్, జయస్తంభ్ చౌక్, మాలవీయ రోడ్డు మీదుగా ఖారున్ నది ఒడ్డున మహాదేవ్ ఘాట్ దాకా తెల్లవారేవరకూ సాగుతాయి. రాజ్‌నంద్‌గావ్ ఝాంకీలదీ ఇంతే పేరు. శకటాల వెనక ధుమాల్ బృందాలు ఎదురెదురుగా నిలబడి పోటీపడతాయి. ఆ పోటీలను అభిమానులు చిత్రించి పెడతారు. ఏ బృందం తాషా వేగం ఎంత, ఎవరి బెంజో తేట అని వాదించుకునే శ్రోతలు వేల సంఖ్యలో తయారయ్యారు. పల్లె నుంచి పెళ్ళి బేరం ఒక వీడియో చూసి వస్తుంది. సంగీత నాటక అకాడమీల లెక్కలో లేని ఒక కళకు విమర్శకులు, అభిమానులు, బజారు మూడూ ఫోను వల్లే దొరికాయి. దీన్ని ఉపసంస్కృతి అని చిన్నచేసి పిలవడం కంటే నగర జానపదం అనడం సబబు.

డీజే వేరే సంగతి. అందులో వాయించేవాళ్ళు లేరు. వాహనం మీద పేర్చిన స్పీకర్ల గోడ, ఒక లాప్‌టాప్, కళ్ళలో గుచ్చే లేజర్ దీపాలు, అంతే. ధ్వని కాలుష్య నిబంధనలు 2000లో వచ్చాయి. నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి. ఆసుపత్రి, బడి లాంటి నిశ్శబ్ద మండలంలో 50, 40. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బహిరంగ స్థలంలో లౌడ్‌స్పీకరు కూడదు. రాష్ట్రం అనుమతిస్తే ఏడాదికి 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి దాకా సడలింపు. ఇవి కాక మధ్యప్రదేశ్ కాలం నుంచి వచ్చిన 1985 నాటి కోలాహల నియంత్రణ చట్టం ఉంది.

రాయపూర్ పౌరుడొకరు వేసిన వ్యాజ్యం మీద 2016 డిసెంబరులో బిలాస్‌పూర్‌లోని ఛత్తీస్‌గఢ్ హైకోర్టు, వాహనాల మీద సౌండ్ బాక్సులు కనిపిస్తే దించి జప్తు చేయాలని ఆదేశించింది. ఆదేశం కాగితం మీద ఉండగానే ఏటా గణేశ్ మండపాలు పెరిగాయి, స్పీకర్లూ పెరిగాయి. 2023లో హైకోర్టు ఈ సమస్యను తానుగా విచారణకు తీసుకుంది. 1985 చట్టం కింద ఐదు వందలో వెయ్యో కట్టి వెళ్ళిపోతున్నారని, ఆ చట్టానికి కోరలు లేవని కోర్టు అభిప్రాయపడటంతో దాన్ని సవరించే చర్చ మొదలైంది.

ఈ వివాదాన్ని ఫోను తెర ఎలా వంకరచేస్తుందో చూడండి. ఫోను మైకు తట్టుకోలేని శబ్దాన్ని తనంతట తానే అణిచి నమోదు చేస్తుంది. 70 డెసిబెల్స్ పాటా, కిటికీ అద్దాలు అదిరే 100 డెసిబెల్స్ పాటా రీలులో దాదాపు ఒకేలా వినిపిస్తాయి. వీడియోలో ఆనందం మిగులుతుంది, గుండె దడ మిగలదు. అప్పుడు మూడో అంతస్తులో గుండెజబ్బు మనిషి తరఫున పోలీసులకు ఫోను చేసినవాడు చూసేవాళ్ళకు పండగ విరోధిలా, మత ద్రోహిలా కనిపిస్తాడు. స్పీకరు దింపిన కానిస్టేబులు మీదా అదే నింద. ఇది ఒక వైపు. రెండో వైపు, డీజే మీద కోపం ధుమాల్ మీదకు పాకుతుంది. తోలు, కర్ర, చెయ్యి కలిసి చేసే చప్పుడునూ వేల వాట్ల స్పీకర్ల గోడనూ ఒకే పేరుతో పిలిస్తే చట్టానికి చిక్కేది మొదట పేద వాద్యకారుడే. ధుమాల్ బృందాలు కూడా ఇప్పుడు పెద్ద స్పీకర్లు కట్టుకుంటున్నాయన్నది నిజం. అందుకే బృందం పేరును బట్టి గాక డెసిబెల్ మీటరును బట్టి నిర్ణయించడం ఒక్కటే న్యాయం. శబ్దాన్ని కొలవవచ్చు, కొలతకు కులం లేదు.

ఝాంకీ రాత్రుల్లో కత్తుల కోసం తనిఖీలు జరుగుతాయి. గుంపులో తగువులు, పోట్లు జరిగిన సందర్భాలూ ఉన్నాయి. లక్ష మంది నడిచే రాత్రిలో ఒక పోటు జరిగితే మర్నాటి వీడియోల్లో ఆ రాత్రంతా ఆ పోటే అవుతుంది. 1964లో ఇంగ్లండు సముద్రతీరం క్లాక్టన్‌లో మాడ్స్, రాకర్స్ అనే కుర్ర గుంపుల చిల్లర గొడవను పత్రికలు దేశ విపత్తుగా రాశాయి. దాన్ని పరిశీలించి స్టాన్లీ కోహెన్ 1972లో రాసిన పుస్తకం నుంచే ‘నైతిక భయోత్పాతం’ అన్న భావన సమాజశాస్త్రంలో స్థిరపడింది. వినే సంగీతాన్ని బట్టి కుర్రాళ్ళను నేరగాళ్ళుగా లెక్కగట్టే అలవాటుకు అప్పటికే వయసు చాలా ఉంది.

వీఐపీ రోడ్డు, నడిరోడ్డు

డబ్బున్న కుర్రకారు సంగీతానికి వేదిక వీఐపీ రోడ్డు క్లబ్బులు, ఊరి చివర ఫామ్‌హౌసులు. 2020 సెప్టెంబరులో, కరోనా ఆంక్షలు అమలులో ఉండగా, అక్కడి ఒక క్లబ్బులో జరిగిన పార్టీలో తుపాకీ పేలింది. ఆ తర్వాత మాదకద్రవ్యాల అరెస్టులు వరుసగా వచ్చాయి. నిందితుల ఇన్‌స్టాగ్రామ్ ఖాతాల నుంచి తీసిన ఫోటోలే వార్తలకు బొమ్మలయ్యాయి. అందులోనూ ఆడవాళ్ళ ఫోటోలకే ఎక్కువ గిరాకీ. కేసు మత్తుమందుది, చర్చ మాత్రం ఆమె వేసుకున్న బట్టల మీద.

2025 సెప్టెంబరులో ఒక పోస్టరు నగరాన్ని కుదిపింది. అపరిచితుల కోసం ఫామ్‌హౌసులో, ఆ నెల 21న, బట్టల్లేని పార్టీ అంటూ ఇన్‌స్టాగ్రామ్‌లో తిరిగిన ప్రకటన అది. రాజకీయ పక్షాలు, సంఘాలు మండిపడ్డాయి. పార్టీ జరగకముందే పోలీసులు నిర్వాహకులు, ఫామ్‌హౌస్ యజమాని సహా పలువురిని అరెస్టు చేశారు. ఇక్కడ వీధిలో ఏదీ జరగలేదు. ప్రకటన, ఆగ్రహం, అరెస్టు అన్నీ ఒక బొమ్మ చుట్టూ జరిగిపోయాయి. మహిళల భద్రత దృష్ట్యా ముందే ఆపడం సరైన పనే అని వాదించవచ్చు. అయితే డీజే రాత్రి అనగానే వ్యభిచారం, మత్తు అనే ముద్ర ఆ వారంలోనే గట్టిపడింది. మామూలుగా పాటలు పెట్టుకుని పొట్టపోసుకునే డీజే కుర్రాళ్ళు, చిన్న హోటళ్ళు దాని బరువు మోశారు.

అదే ఏడాది మొదట్లో నగరంలోని ఒక చౌరస్తాలో ఖరీదైన కారును దారికి అడ్డంగా పెట్టి, బానెట్ మీద కేకు కోసి, బాణాసంచా కాల్చిన వీడియో తిరిగింది. హైకోర్టు దాన్ని తానుగా విచారణకు తీసుకుని, మొదట చిన్న చలానాతో సరిపెట్టిన పోలీసులను మందలించింది. కొన్ని వారాలకే పదవిలో ఉన్నవారి కుటుంబం ఒకటి నడిరోడ్డు మీద చేసుకున్న పుట్టినరోజు వేడుక బయటపడింది. బిలాస్‌పూర్ దగ్గర రహదారిపై కార్ల విన్యాసాల కేసులో ప్రధాన న్యాయమూర్తి రమేశ్ సిన్హా ధర్మాసనం, పేద, మధ్యతరగతి వాళ్ళ మీద చూపే ఆగ్రహం డబ్బున్నవాళ్ళ దగ్గర ఎందుకు చల్లారిపోతోందని సూటిగా అడిగింది. టిక్రాపారా కుర్రాడు వీధిలో ఊరేగుతాడు, వీఐపీ రోడ్డు కుర్రాడు చలానా కట్టి ఇంటికి పోతాడు. ఈ తేడాను కోర్టు గుమ్మం దాకా తెచ్చిందీ వీడియోలే. సామాజిక మాధ్యమాలు రాయపూర్‌కు చేసిన మేలు ఏమిటని అడిగితే మొదట చెప్పాల్సింది ఇదే.

ముఠాల ప్రకటనలు

2024 జులై 13న తెలీబాంధాలో రోడ్ల నిర్మాణ సంస్థ ఒకదాని కార్యాలయం ముందు మోటారు సైకిలు మీద వచ్చినవాళ్ళు కాల్పులు జరిపారు. దర్యాప్తు జార్ఖండ్ ముఠా నాయకుడు అమన్ సావ్ వైపు, అతనికి లారెన్స్ బిష్ణోయ్ ముఠాతో ఉన్న సంబంధాల వైపు వెళ్ళింది. సావ్‌ను రాయపూర్ జైలుకు తెచ్చారు. 2025 మార్చి 11న అక్కడ నుంచి రాంచీ తీసుకెళ్తుండగా పలామూ జిల్లాలో ఎన్‌కౌంటరులో చనిపోయాడు. సావ్ ముఠా తరఫున ఫేస్‌బుక్‌లో బెదిరింపులు, ప్రకటనలు పెట్టినవాడు మయాంక్ సింగ్ అనే మారుపేరుతో విదేశం నుంచి పనిచేశాడు. 2025 ఆగస్టులో అతణ్ణి అజర్‌బైజాన్ నుంచి రప్పించారు.

2022 మే 29న పంజాబీ గాయకుడు సిద్ధూ మూసేవాలా హత్య తర్వాత ఫేస్‌బుక్‌లో బిష్ణోయ్ ముఠా పేరిట ప్రకటన రావడంతో దేశం ఈ తీరును గమనించింది. ఆ ఏడాది నవంబరులో పంజాబ్ ప్రభుత్వం ఆయుధాలను గొప్పచేసే పాటలను నిషేధించింది. ఆ పాటలే రాయపూర్ కుర్రాళ్ళ రీలుల్లోనూ మోగుతాయి. పాట వినడం వల్ల ముఠా పుట్టదు. వసూళ్ళ దందా, జైలు నుంచి నడిచే ఫోన్లు, కాంట్రాక్టుల డబ్బు ముఠాను పెంచుతాయి. లండన్ పోలీసులు డ్రిల్ అనే ర్యాప్ సంగీతం విషయంలో, పాటే ముఠాను పుట్టిస్తుందనుకునే పొరపాటు చేశారు. పాట పాడినందుకు 2019 జనవరిలో స్కెంగ్‌డో, ఏఎం అనే ఇద్దరు కళాకారులకు, సస్పెండ్ చేసినదైనా, జైలు శిక్ష పడింది. కాలిఫోర్నియా రాష్ట్రం 2022లో చట్టం చేసి, పాటల సాహిత్యాన్ని నేరానికి సాక్ష్యంగా తేవడంపై షరతులు పెట్టింది.

బస్తర్ నీడ

రాయపూర్ వార్తల్లో సగం బరువు దక్షిణాన ఉన్న బస్తర్‌ది. 2020లో బస్తర్ పోలీసులు మావోయిస్టులకు వ్యతిరేకంగా గోండీలో ‘బస్తర్ తా మట్టా’, హల్బీలో ‘బస్తర్ చో ఆవాజ్’ పేర్లతో పోస్టర్లు, ఆడియోలు, వీడియోలు వదిలారు. పాటను, నాటకాన్ని జనంలోకి వెళ్ళే దారిగా మావోయిస్టుల చేతనా నాట్య మంచ్ ఎప్పటి నుంచో వాడుతూ వచ్చింది. దాని వెనక తెలంగాణ జననాట్యమండలి అడుగుజాడలున్నాయి. పోలీసులు అదే దారిన ఫోనులోకి నడిచారు.

సుక్మా జిల్లా పేరు చెబితే 2021 వేసవి దాకా దేశానికి మందుపాతర గుర్తొచ్చేది. ఆ జులైలో బడి దుస్తుల్లో నిలబడి ప్రేమపాట పాడిన ఒక చిన్నారి వీడియో దేశమంతా తిరిగింది. ఉపాధ్యాయుడు రెండేళ్ళ ముందే తీసిన వీడియో అది. అప్పటి ముఖ్యమంత్రి భూపేశ్ బఘేల్ ఆ పిల్లవాణ్ణి రాయపూర్‌కు పిలిపించుకున్నారు. గాయకుడు బాద్‌షా అతనితో పాట విడుదల చేశాడు. కొన్ని వారాలపాటు సుక్మా అంటే ఆ పాటే.

ముఖేశ్ చంద్రాకర్ కథ దీనికి రెండో కొస. బీజాపూర్ నుంచి ‘బస్తర్ జంక్షన్’ అనే యూట్యూబ్ ఛానెల్ నడిపిన ఈ విలేకరి, 2021 ఏప్రిల్‌లో మావోయిస్టుల చేతికి చిక్కిన సీఆర్పీఎఫ్ జవాను విడుదలలో పాలుపంచుకున్నారు. రోడ్డు పనుల్లో అవకతవకల మీద వార్త వచ్చాక, 2025 జనవరి 1న ఆయన కనిపించకుండా పోయారు. 3న సెప్టిక్ ట్యాంకులో మృతదేహం దొరికింది. ప్రధాన నిందితుడైన కాంట్రాక్టరును హైదరాబాదులో పట్టుకున్నారు. ఛత్తీస్‌గఢ్ శాసనసభ 2023 మార్చిలోనే విలేకరుల రక్షణ చట్టం ఆమోదించి ఉంది. పోలీసుల మాట, మావోయిస్టుల మాట కాకుండా మూడో మాట వినిపించినవి ఇలాంటి చిన్న ఛానెళ్ళే. వాటిని నడిపేవాళ్ళకు వేతనమూ లేదు, వెనక సంస్థా లేదు.

తుల్సీ

రాయపూర్ జిల్లా తిల్దా దగ్గర తుల్సీ అనే ఊరుంది. సుమారు 4,000 జనాభాలో వెయ్యి మంది దాకా ఏదో ఒక విధంగా యూట్యూబ్ పని చేస్తారని వార్తాసంస్థలు రాశాయి. జయ్ వర్మ, జ్ఞానేంద్ర శుక్లా అనే మిత్రులు 2018లో ‘బీయింగ్ ఛత్తీస్‌గఢియా’ ఛానెల్ పెట్టడంతో ఇది మొదలైంది. వాళ్ళకు పేరు తెచ్చిన తొలి వీడియోల్లో ఒకటి, ప్రేమికుల రోజున ఒక జంటను నైతిక కాపలాదారులు వేధించడం గురించి. నగరంలో కెమెరా ఎవణ్ణి పట్టుకోవాలా అని తిరుగుతుంటే, ఈ ఊళ్ళో కెమెరా పట్టేవాళ్ళనే ప్రశ్నించింది. రామలీలలో వేషం కట్టిన పెద్దలు, ఇల్లు దాటని ఆడవాళ్ళు నటులయ్యారు. 2023లో ప్రభుత్వం ఊళ్ళో స్టూడియో కట్టించింది. ఛత్తీస్‌గఢీ పాటకు, హాస్యానికి రాయపూర్ బజారు వెతుక్కుంటూ తుల్సీ వైపు వస్తోంది.

తెలుగు నేలతో పోలిక

విజయనగరం–రాయపూర్ రైలుమార్గం వెంట భిలాయి ఉక్కు కర్మాగారానికీ, రైల్వేలకూ తరాలుగా వలస వెళ్ళిన తెలుగు కుటుంబాలకు ఇవన్నీ ఇంటి సంగతులే. డీజే విషయంలో హైదరాబాదు పోలీసు కమిషనర్ సి.వి. ఆనంద్ 2024 అక్టోబరు 1న మతపరమైన ఊరేగింపుల్లో డీజేను, బాణాసంచాను నిషేధించారు.

పుకార్ల విషయంలో పోలిక ఇంకా లోతుగా ఉంది. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న వాట్సాప్ వీడియోలు దేశమంతా ప్రాణాలు తీశాయి. జూన్‌లో ఛత్తీస్‌గఢ్ సర్గుజా జిల్లాలో ఒక మనిషిని కొట్టి చంపారు. జులై 17న సుప్రీంకోర్టు మూకదాడులపై మార్గదర్శకాలిచ్చింది. అదే నెలలో వాట్సాప్ మన దేశంలో ఒక సందేశాన్ని ఒకసారికి ఐదు చాట్‌లకే పంపేలా పరిమితి పెట్టింది. ఆ ఏడాది జోగులాంబ గద్వాల జిల్లా ఎస్పీ రేమా రాజేశ్వరి కేసులతో మొదలుపెట్టలేదు. కానిస్టేబుళ్ళకు ఊళ్ళు అప్పగించారు. జానపద కళాకారులతో, గొంతున్న పోలీసులతో బృందాలు కట్టారు. వాళ్ళు డప్పు పట్టుకుని సాయంత్రం రచ్చబండ దగ్గర నిలబడి, వీడియో నిజమో కాదో ఎలా తెలుసుకోవాలో తెలుగులో పాట కట్టి పాడారు. ఊరి వాట్సాప్ గుంపుల్లో తమనూ చేర్చమన్నారు. చేర్చుకున్న ఊళ్ళలో, అనుమానం వచ్చిన వీడియోను జనం కానిస్టేబులుకే పంపి అడగడం మొదలుపెట్టారు.